స్వరరచనలో పీజీ: ముందు చదవాల్సింది చివరి పేజీ

బ్యాచిలర్స్ డిగ్రీ ఉండాలి, మార్కుల సగటు నాలుగుకు మూడుకు తగ్గకూడదు, మూడు సిఫార్సు లేఖలు కావాలి, మూడో నాలుగో సొంత రచనలు పంపాలి, ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ లాంటి పరీక్ష రాయాలి. అమెరికాలో ఏ సంగీత విభాగం ప్రవేశ ప్రకటన తెరిచినా కాస్త అటూ ఇటూగా ఇదే జాబితా. ఒక్కోదానికీ టిక్కు పెట్టుకుంటూ పోతే అరగంటలో ‘అర్హత ఉంది’ అని తేలిపోతుంది. కానీ ఈ జాబితా వల్ల దరఖాస్తు తిరస్కరణకు గురికాకుండా ఉంటుంది, అంతే. సీటు తెచ్చేవి రచనలు. ఇక డిగ్రీ చేతికి రావాలంటే ఏమేం చేయాలన్నది ఆ ప్రకటనలో దాదాపు ఉండదు. అది గ్రాడ్యుయేట్ హ్యాండ్‌బుక్ అనే మరో పత్రంలో, చేరాక గానీ ఎవరూ తెరవని పేజీల్లో ఉంటుంది.

స్వరరచనలో పీజీకి వెళ్లాలనుకునేవారు మొదట చదవాల్సింది ఆ రెండో పత్రాన్నే. ఒకే పేరున్న డిగ్రీకి ఒకచోట ఆర్కెస్ట్రా రచన రాసి వినిపిస్తే చాలు. మరోచోట జర్మన్ చదవడం రావాలి, ఇరవయ్యో శతాబ్దపు రచన ఒకదాని మీద వంద పేజీల విశ్లేషణ రాయాలి. రెండింటికీ దరఖాస్తు ఫారం మాత్రం ఒకేలా ఉంటుంది.

ఇన్ని డిగ్రీలు ఎందుకు?

మాస్టర్స్ స్థాయిలో కనిపించేవి ప్రధానంగా రెండు: మాస్టర్ ఆఫ్ మ్యూజిక్ (ఎంఎం), మాస్టర్ ఆఫ్ ఆర్ట్స్ (ఎంఏ). డాక్టరేట్ స్థాయిలోనూ రెండే: డాక్టర్ ఆఫ్ మ్యూజికల్ ఆర్ట్స్ (డీఎంఏ), పీహెచ్‌డీ. వీటి తేడా అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

స్వరకర్త విశ్వవిద్యాలయంలో చదువుకోవడం అంత పాత సంగతేమీ కాదు. ఆరన్ కోప్లాండ్ 1921లో అమెరికా నుంచి ఫ్రాన్స్ వెళ్లి సంగీత గురువు నాదియా బౌలాంజె దగ్గర నేర్చుకున్నాడు. ఎలియట్ కార్టర్, ఫిలిప్ గ్లాస్ లాంటివాళ్లూ తర్వాతి దశాబ్దాల్లో ఆమె దగ్గరకే చేరారు. అక్కడ లెక్కకొచ్చింది ఆమె దగ్గర చేసిన హార్మొనీ (స్వరాలను కలిపి పలికించడం), కౌంటర్‌పాయింట్ (వేర్వేరు బాణీలను ఒకేసారి నడిపించడం) సాధన. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా విశ్వవిద్యాలయాలు విస్తరించాయి. స్వరకర్తలకు అక్కడ అధ్యాపక ఉద్యోగాలు దొరకసాగాయి. ఉద్యోగం కావాలంటే డాక్టరేట్ కావాలన్న నియమం వెంటే వచ్చింది. అప్పుడే అసలు తగువు మొదలైంది: డాక్టరేట్ ఇచ్చేది రాసిన సంగీతానికా, సంగీతం గురించి రాసిన గ్రంథానికా?

సంగీతానికే ఇవ్వాలని గట్టిగా వాదించినవారిలో హోవర్డ్ హాన్సన్ ముఖ్యుడు. రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ సంగీత పాఠశాలకు ఆయన 1924 నుంచి 1964 దాకా డైరెక్టర్. వాద్యకారుడికి, స్వరకర్తకు వారి కళే అర్హత కావాలన్న ఆలోచనతో 1950లలో డీఎంఏ రూపం దిద్దుకుంది. మిచిగన్ విశ్వవిద్యాలయం నుంచి 1959లో ఆ డిగ్రీ తీసుకున్న జార్జ్ క్రంబ్ తర్వాత ఆ దేశపు ముఖ్య స్వరకర్తల్లో ఒకడయ్యాడు. రెండో పక్షం ప్రిన్స్‌టన్‌ది. స్వరరచనను కూడా గణితం, భౌతికశాస్త్రంలా పరిశోధన రంగంగా చూడాలని అక్కడి మిల్టన్ బాబిట్ వాదించాడు. 1960ల మొదట్లో ఆ విశ్వవిద్యాలయం స్వరరచనలో పీహెచ్‌డీ మొదలుపెట్టింది.

బాబిట్ సొంత కథ ఈ తగువుకు అద్దం పడుతుంది. సప్తకంలోని పన్నెండు స్వరాలనూ సమానంగా వాడే ‘పన్నెండు స్వరాల’ పద్ధతిలో స్వరసమూహాల నిర్మాణం గురించి ఆయన 1946లో ప్రిన్స్‌టన్‌కు సమర్పించిన సిద్ధాంత గ్రంథాన్ని సంగీత విభాగం ఆమోదించలేదు. అదే విభాగంలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి, ఎందరితోనో పీహెచ్‌డీలు చేయించిన ఆ మనిషికి, అదే గ్రంథానికి, డాక్టరేట్ 1992లో వచ్చింది. నలభై ఆరేళ్లు! ఆ గ్రంథాన్ని అంచనా వేసే కొలబద్ద అప్పటికి విభాగం దగ్గర లేదు. ఆ కొలబద్ద ఎలా ఉండాలన్న దాని మీద ఏకాభిప్రాయం నేటికీ లేదు. రెండు రకాల డాక్టరేట్లు పక్కపక్కనే సాగడానికి కారణం అదే.

స్థూలంగా చెప్పుకొనే తేడా ఇది: ఎంఎం, డీఎంఏలలో రచన, ప్రదర్శన, బోధన బరువు ఎక్కువ, ఎంఏ, పీహెచ్‌డీలలో సిద్ధాంతం, విశ్లేషణ, భాషలు, వ్యాసరచన బరువు ఎక్కువ. అయితే పేరును పూర్తిగా నమ్మకూడదు. కొలంబియా, కార్నెల్ పరిశోధనకు పేరుపడ్డ విశ్వవిద్యాలయాలే అయినా స్వరరచనలో ఇచ్చేది డీఎంఏ. బ్రిటన్‌లో పీహెచ్‌డీ అంటారు గానీ ప్రధానంగా చూపాల్సింది కొన్ని రచనల సంపుటి, దానికి తోడుగా ఓ వ్యాఖ్య. కాబట్టి డిగ్రీ పేరును పక్కనపెట్టి, చివర్లో ఏం సమర్పించమంటున్నారో చూడడమే సరైన పద్ధతి.

చేరిన మొదటి వారం

అమెరికాలో సంగీత పాఠశాలలకు గుర్తింపునిచ్చే సంస్థ 1924లో ఏర్పడింది. పేరు నేషనల్ అసోసియేషన్ ఆఫ్ స్కూల్స్ ఆఫ్ మ్యూజిక్. దాని లెక్క ప్రకారం మాస్టర్స్‌కు కనీసం 30 సెమిస్టర్ క్రెడిట్లు ఉండాలి. చాలా పాఠశాలలు 30 నుంచి 36 మధ్య పెడతాయి, అంటే రెండేళ్ల చదువు. సుమారు మూడో వంతు గురువుతో విడిగా సాగే స్వరరచన పాఠాలకు, థీసిస్‌కు పోతుంది. మిగతాది సిద్ధాంతం, చరిత్ర, ఎలక్ట్రానిక్ సంగీతం, ఐచ్ఛిక విషయాలు.

కాగితం మీద రెండేళ్లే. మూడేళ్లు పట్టేవాళ్లు మాత్రం చాలామంది చిక్కుకునేది చేరిన మొదటి వారంలోనే. తరగతులు మొదలుకాక ముందు పెట్టే ప్లేస్‌మెంట్ పరీక్ష అది. హార్మొనీ, రూపాల విశ్లేషణ, శ్రవణ నైపుణ్యం, పాశ్చాత్య సంగీత చరిత్ర: ఈ నాలుగూ ఉంటాయి. ఒక బాణీ ఇచ్చి నాలుగు గొంతులకు స్వరపరచమంటారు. సోనాటా మొదటి భాగం స్కోరు (స్వరలిపిలో రాసిన ప్రతి) ఇచ్చి ఇతివృత్తాలు ఎక్కడ మొదలయ్యాయో, శ్రుతి ఎక్కడ మారిందో గుర్తించమంటారు. పియానో మీద వాయించింది విని స్టాఫ్ నొటేషన్‌లో రాయమంటారు. కొన్నిచోట్ల పియానో మీద స్కోరు చూసి వాయించగలగడం కూడా షరతే.

ఇందులో తప్పితే సీటు పోదు. కానీ బ్యాచిలర్స్ స్థాయి పాఠాలు మళ్లీ చదవాలి, వాటి క్రెడిట్లు డిగ్రీలో కలవవు, ఫీజు మాత్రం కట్టాలి. కంప్యూటర్ మీద అద్భుతంగా సంగీతం కూర్చగలిగేవారు, వినికిడితోనే బాణీలు కట్టేవారు, మౌఖిక సంప్రదాయంలో పెరిగినవారు ఇక్కడే ఇరుక్కుంటారు. వారి ప్రతిభకు లోటేమీ లేదు. ఈ డిగ్రీలు ఒక ప్రత్యేక సంప్రదాయపు రాత మీద నిలబడి ఉన్నాయి, అంతే. అది న్యాయమా కాదా అన్న చర్చ ఆ విభాగాల్లోనే బాగా సాగుతోంది, కొన్ని పాఠశాలలు ఈ పరీక్షను తీసేశాయి కూడా. తీయనిచోట దరఖాస్తుకు ఏడాది ముందే కౌంటర్‌పాయింట్, శ్రవణ సాధన మొదలుపెట్టడం మేలు.

శ్రవణ నైపుణ్యం మీద ఇంత పట్టుదల వెనక ఓ లౌకిక కారణమూ ఉంది. టీచింగ్ అసిస్టెంట్‌గా పీజీ విద్యార్థికి అప్పజెప్పేది సాధారణంగా మొదటి, రెండో సంవత్సరం బ్యాచిలర్స్ పిల్లల సిద్ధాంత, శ్రవణ తరగతులే. ఆ తరగతి నడపలేనివారికి అసిస్టెంట్‌షిప్ ఇవ్వడం విభాగానికి కష్టం. అసిస్టెంట్‌షిప్ లేకపోతే ఫీజు మాఫీ ఉండదు. అంటే ప్లేస్‌మెంట్ పరీక్ష ఒక రకంగా జేబుకు సంబంధించిన పరీక్ష కూడా.

సంగీతంలో బ్యాచిలర్స్ లేనివారి సంగతేమిటి? పాఠశాలను బట్టి ఉంటుంది. సంప్రదాయ కన్సర్వేటరీలు (సంగీత శిక్షణకే ప్రత్యేకించిన పాఠశాలలు) బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్‌కు సమానమైన శిక్షణ చూపమంటాయి. కొన్ని ఎంఏ, పీహెచ్‌డీ విభాగాలు ఏ డిగ్రీ అయినా ఒప్పుకుని రచనలు చూసి తేలుస్తాయి. మరో వింత: ప్రిన్స్‌టన్, హార్వర్డ్ లాంటిచోట్ల పీహెచ్‌డీకి మాస్టర్స్ తప్పనిసరి కాదు, బ్యాచిలర్స్‌తో నేరుగా చేరవచ్చు. డీఎంఏకు మాత్రం మాస్టర్స్ అడగడమే రివాజు.

స్కోరు చదివే కళ్లు

ఇక పోర్ట్‌ఫోలియో. మూడు లేదా నాలుగు రచనలు, గత రెండు మూడేళ్లలో రాసినవి, వేర్వేరు వాద్యబృందాలకు, స్కోరుతో పాటు రికార్డింగ్. ఈ వాక్యంలోని ప్రతి మాట వెనకా ఓ కారణం ఉంది.

‘వేర్వేరు వాద్యబృందాలకు’ అనడం ఎందుకంటే, నాలుగూ పియానో రచనలే అయితే అభ్యర్థికి తన వేళ్ల కింద పలికేది తప్ప ఇంకేమీ తెలియదేమోనన్న అనుమానం వస్తుంది. ‘గత రెండు మూడేళ్లలో’ అనడం ఇప్పుడు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి. ‘రికార్డింగ్’ అన్న మాట దగ్గర అసలు వడపోత జరుగుతుంది. మనుషులు వాయించిన రికార్డింగా, కంప్యూటర్ పలికించిందా?

కంప్యూటర్ పలికించే ఫ్లూటు ఊపిరి తీసుకోదు. దాని అడుగు స్థాయి స్వరాలు మూడు ట్రాంబోన్ల మధ్య కూడా స్పష్టంగా వినిపిస్తాయి. హాల్లో అది వినపడదు, ట్రాంబోన్లే వినపడతాయి. వయొలిన్ మీద చేయి సాగని దూకుళ్లనూ సాఫ్ట్‌వేర్ నోరెత్తకుండా వాయించేస్తుంది. ఎంపిక కమిటీలో కూర్చునేవారికి ఇది కంటితోనే తెలుస్తుంది. అందుకే పేపర్ మీద ఘనంగా కనిపించే, ఎవరూ ఎన్నడూ వాయించని ఆర్కెస్ట్రా రచన కన్నా, ముగ్గురు మిత్రులు నాలుగుసార్లు సాధన చేసి వాయించిన ఆరు నిమిషాల త్రయం చాలాసార్లు ఎక్కువ పని చేస్తుంది. ఆ త్రయం స్కోరులో సాధన నేర్పిన దిద్దుబాట్లు ఉంటాయి: విల్లు దిశ, ఊపిరి గుర్తు, వాద్యకారుడు పేజీ తిప్పుకోవడానికి వదిలిన విరామం.

స్కోరు శుభ్రంగా ఉండడం అలంకారం కాదు. క్లారినెట్ భాగం శ్రుతి మార్చి రాశారా లేదా అన్నది మొదటి పేజీలో చెప్పకపోతే చదివేవారు అక్కడే ఆగిపోతారు. తీవ్రత గుర్తులు లేని పేజీ చూస్తే రాసినవారు తమ సంగీతాన్ని లోపల విన్నారా అన్న సందేహం కలుగుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడారన్నది ఎవరికీ పట్టదు. 1988 నుంచి నడిచిన ఫినాలే 2024 ఆగస్టులో అభివృద్ధి ఆపేశాక దాన్ని నమ్ముకున్నవాళ్లలో చాలామంది సిబేలియస్‌కో డొరికోకో మారాల్సి వచ్చింది. ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్‌తో కూడా ప్రచురణ స్థాయి పేజీ తయారవుతుంది. చేతిరాత స్కోరుకూ అడ్డు లేదు, అది చదవగలిగేలా ఉంటే.

క్రమం కూడా ఆలోచించాలి. కమిటీ ముందు కొన్ని వారాల్లో వంద దాకా దరఖాస్తులు ఉండవచ్చు. ప్రతి రచనా చివరిదాకా వింటారనుకోవడం అమాయకత్వం. అన్నిటికన్నా గట్టిది మొదట పెట్టాలి. అది పొడవైనదే కానక్కర్లేదు. ఆసక్తికరమైన చోటు తొమ్మిదో నిమిషంలో వస్తే అక్కడి నుంచి వినమని ఒక గుర్తు పెట్టడం తప్పు కాదు, నిబంధనలు ఒప్పుకుంటే.

ఇంటర్వ్యూ దాకా వెళ్తే ప్రశ్నలు సాదాగానే ఉంటాయి. ఈమధ్య ఏ స్కోరు చదివారు? ఇక్కడికే ఎందుకు రావాలనుకుంటున్నారు? చివరి ప్రశ్నకు పాఠశాల పేరుప్రతిష్ఠలు జవాబు కావు. అక్కడి గురువుల సంగీతం వినకుండా వెళ్లిన సంగతి రెండో నిమిషంలో బయటపడుతుంది.

బయటికి వచ్చే దారి

మాస్టర్స్ చివర్లో ఉండేవి సాధారణంగా మూడు. థీసిస్‌గా ఒక పెద్ద రచన, దాని నిర్మాణం గురించి వ్యాసం, మౌఖిక పరీక్ష. చాలాచోట్ల దీనికి తోడు సొంత రచనలతో ఒక రిసైటల్, అంటే కచేరీ. రిసైటల్ అన్నది హ్యాండ్‌బుక్‌లో ఒక్క వాక్యమే. ఆచరణలో అది ఆరు నెలల పని. వాద్యకారులను పోగుచేయాలి, వాళ్ల పరీక్షల మధ్య సాధన గంటలు కుదర్చాలి, హాలు దొరకాలి, ఎవరు వాయించే భాగాన్ని వారికి ముద్రించి ఇవ్వాలి. వాద్యకారులు స్వరకర్తల రచనలు వాయిస్తే వాళ్లకూ క్రెడిట్ ఇచ్చే పాఠశాల ఒకటి, బతిమాలి తెచ్చుకోవాల్సిన పాఠశాల ఇంకొకటి. ఈ తేడా ఏ ప్రవేశ ప్రకటనలోనూ ఉండదు.

డాక్టరేట్ దారి ఇంకా పొడుగు. సెమినార్లు, భాషా పరీక్ష, అర్హత పరీక్ష, ఆ తర్వాత డిసర్టేషన్ అనే చివరి సమర్పణ. జర్మన్, ఫ్రెంచ్ అడగడానికి కారణం సంగీత సిద్ధాంత గ్రంథాల్లో చాలా భాగం ఆ భాషల్లో ఉండడమే. కొన్ని విభాగాలు ఇప్పుడు దానికి బదులు ప్రోగ్రామింగ్ భాషను ఒప్పుకుంటున్నాయి. ఎలక్ట్రానిక్ రచన చేసేవారికి అదే ఎక్కువ పనికొస్తుంది కూడా. అర్హత పరీక్ష మరీ వింతగా ఉంటుంది. ముందెన్నడూ చూడని స్కోరు ఇచ్చి కొద్ది రోజుల్లో విశ్లేషణ రాయమంటారు. కొన్నిచోట్ల గడువు పెట్టి, ఫలానా వాద్యాలకు రచన రాసి తెమ్మంటారు. పేరు చెప్పకుండా సంగీతం వినిపించి ఏ కాలం, ఎవరి శైలి అని అడుగుతారు. డిసర్టేషన్‌లో రచనకు, వ్యాసానికి మధ్య పాళ్లు విభాగానికో తీరు. ప్రిన్స్‌టన్‌లో రచనతో పాటు వ్యాసమూ ఉండాలి, ఆ వ్యాసం సొంత రచన గురించే కానక్కర్లేదు. సగం మంది రచన ముగించి వ్యాసం దగ్గర ఏళ్ల తరబడి కూర్చుంటారని చెప్పుకునే జోకు ఊరికే పుట్టలేదు.

ఐరోపాలో లెక్క వేరు. అక్కడి దేశాల డిగ్రీలను ఒకే చట్రంలోకి తెచ్చిన 1999 నాటి బొలోన్యా ఒప్పందం తర్వాత ఏడాదికి 60 ఈసీటీఎస్ (ఐరోపా ఉమ్మడి పద్ధతి) క్రెడిట్ల చొప్పున కన్సర్వేటరీల్లో మాస్టర్స్ సాధారణంగా 120 క్రెడిట్లు. బ్రిటన్‌లో 180 బ్రిటిష్ క్రెడిట్లతో ఒక్క ఏడాదిలో ముగిసే మాస్టర్స్ ఎక్కువ. ఒక ఏడాది అంటే చవక అనిపిస్తుంది. కానీ సెప్టెంబరులో చేరినవారు వాద్యకారులతో పరిచయం పెంచుకునేలోగా సగం కాలం గడిచిపోతుంది. జర్మనీలో ప్రవేశ పరీక్ష ఉంటుంది, విద్యార్థి చేరేది పాఠశాలలో అనడం కన్నా ఒక గురువు తరగతిలో అనాలి. ఆ గురువు ఒప్పుకోవడమే అసలు షరతు. ఫీజు చాలా రాష్ట్రాల్లో నామమాత్రం, బాడెన్-వుర్టెంబర్గ్ మాత్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది.

అమెరికాలో డబ్బు సంగతి కొంచెం తలకిందులుగా ఉంటుంది. పెద్ద డిగ్రీకి డబ్బు వాళ్లిస్తారు, చిన్న డిగ్రీకి మనం కట్టాలి. పరిశోధక విశ్వవిద్యాలయాల్లో డాక్టరేట్‌కు ఫీజు మాఫీ, జీవనభృతి మామూలే. అందుకే అక్కడ ఏడాదికి తీసుకునేది వేళ్ల మీద లెక్కపెట్టేంతమందినే. మాస్టర్స్‌కు పూర్తి సాయం అరుదు. యేల్ సంగీత పాఠశాల అందుకు మినహాయింపు. 2005లో వచ్చిన 10 కోట్ల డాలర్ల విరాళంతో అక్కడ ట్యూషన్ ఫీజు లేకుండా పోయింది. అధ్యాపక ఉద్యోగం లక్ష్యమైతే డాక్టరేట్ దాదాపు తప్పదు. సినిమా, వీడియో గేమ్‌లు, నాటకరంగం లక్ష్యమైతే అప్పు చేసి తెచ్చుకునే మాస్టర్స్ కన్నా ఆ రంగంలోనే రెండేళ్ల పని ఎక్కువ నేర్పవచ్చు. వేదిక మీద పేరుకు డిగ్రీతో సంబంధం ఇంకా తక్కువ. కరొలైన్ షా 2013లో ముప్ఫై ఏళ్లకే పులిట్జర్ సంగీత బహుమతి అందుకున్నప్పుడు ఆమె ప్రిన్స్‌టన్‌లో ఇంకా డాక్టరేట్ విద్యార్థి.

దరఖాస్తులకు గడువు చాలా పాఠశాలల్లో డిసెంబరు మొదట్లో ముగుస్తుంది, ఇంటర్వ్యూలు జనవరి, ఫిబ్రవరిల్లో జరుగుతాయి. ఆర్థిక సాయంతో కూడిన సీటుకు ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పాలని ఒత్తిడి చేయకూడదని అమెరికాలోని గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం ఉంది, చాలా విశ్వవిద్యాలయాలు దాని మీద సంతకం చేశాయి. ఆఫర్ వచ్చాక దొరికే ఆ కొన్ని వారాలను గురువుల బయోడేటాలు చదవడానికి కాకుండా, ప్రస్తుతం అక్కడ చదువుతున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడడానికి వాడుకోవాలి. పోయిన ఏడాది మీ రచనలు ఎన్ని వాయించారు, ఎవరు వాయించారు? ఆర్కెస్ట్రా స్వరకర్తల రచనలు చదివి వినిపించే రోజు ఏడాదికి ఒకటైనా ఉందా? గురువు కచేరీలకని ఊళ్లు తిరుగుతుంటే ఆ వారం పాఠం ఎవరు చెబుతారు? చివరగా, మీకంటే రెండేళ్ల ముందు చేరినవాళ్లలో డిగ్రీ పుచ్చుకుని వెళ్లిందెంతమంది?